చెరుకు పూత మీద ఎండ

1975 అక్టోబరు 6, సోమవారం

మా ఆయన పడింది కొండ మీంచి కాదు. అడిగిన వాళ్ళకు కొండ మీంచనే చెబుతున్నాం, కాస్త మర్యాదగా ఉంటుందని. పడింది ఐరాల దగ్గర చెరుకు కయ్య గట్టు మీంచి. ఆ గట్టు మోకాలెత్తు కూడా ఉండదు. గుట్ట మొత్తం కెమెరాలో పట్టడం లేదని, తల వంచుకుని అద్దంలోకి చూస్తూ వెనక్కి ఒక అడుగు వేశాడు, ఇంకొక అడుగు వేశాడు. ఆ తర్వాతి అడుగుకు కింద నేల లేదు. కెమెరాను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని పడ్డాడట. దానికి గీత కూడా పడలేదు. కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది.

పుత్తూరు తీసుకుపోయి కట్టు వేయించి నిన్న చిత్తూరుకు, ఇంటికి తెచ్చాం. ఇల్లంతా ఆకు పసరు, కోడిగుడ్డు సొన వాసన. గుడ్డు పేరెత్తని ఇల్లు మాది. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొడుకు పక్కనే కూర్చుంది. "వీడు పుట్టినప్పుడే జోస్యుడు చెప్పినాడు, వీడికి ఎనక్కి నడక అచ్చిరాదని" అంది. ఏ జోస్యుడూ అలా చెప్పి ఉండడు.

ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. నాకు రాసే అలవాటు లేదు. మాట్లాడే మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు కాబట్టి రాస్తున్నాను.

రేపటి నుంచి స్టూడియో నేనే తెరవాలి. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో చీకటి గది. ఇరవై ఏళ్ళుగా ఆ చీకటి గదిలో ఫిల్ము కడిగేదీ, నెగెటివ్‌లు దిద్దేదీ, బొమ్మలకు రంగులు వేసేదీ నేనే. కెమెరా వెనక మాత్రం ఎప్పుడూ నిలబడలేదు. నిలబడాలని అనుకోనూ లేదు.

అక్టోబరు 8

పాస్‌పోర్టు సైజు ఫోటోలకు ఒకాయన వచ్చాడు. తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి తీస్తే నేను మూసుకున్నాను.

అక్టోబరు 11, శనివారం

బెల్లం మండీ సుబ్రమణ్యం వచ్చాడు. వర్తకుల సంఘం క్యాలెండరు పని ఆయన నెత్తిన ఉంది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ప్రతి ఏడూ వినాయకుడు, లేదంటే లక్ష్మీదేవి. ఈసారి మన నేల కనపడాల, మన సెరుకు కనపడాల అని తీర్మానం చేసినాం. నీకు చెప్తే నువ్వేమో కాలిరగ్గొట్టుకుంటివి. కార్తీక పున్నమి లోపల శివకాశికి పంపకపోతే కొత్త సంవత్సరానికి అందదప్పా. తిరపతి నుంచి ఎవురినన్నా పిలిపించేదా?"

"ఎవురూ రాబల్లేదు" అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూనే.

సుబ్రమణ్యానికి తెలియదు, నాకు తెలుసు. ఆ బొమ్మ కోసం ఆయన ఎనిమిదేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఐరాల దాటాక గుండ్రాళ్ళ గుట్ట ఒకటి ఉంది. దాని కింద చెరుకు పూతకు వచ్చి ఉండాలి. వెనక నల్లటి మబ్బు ఉండాలి, ముందు నుంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడాలి. మనిషి అనేవాడు కనపడకూడదు. పూత ఉన్న ఏడు మబ్బు లేదు. మబ్బు ఉన్న ఏడు ఎండ లేదు. ఒక ఏడు అన్నీ కుదిరాయి, సరిగ్గా అప్పుడే ఎద్దులబండి అడ్డం వచ్చింది. అది పోయేసరికి ఎండ కూడా పోయింది.

సుబ్రమణ్యం వెళ్ళాక, "నేను పోయి రానా?" అన్నాను.

"యాడికి?"

"ఐరాలకు."

ఇటు తిరిగాడు. పడిన తర్వాత మొదటిసారి నవ్వాడు. "నువ్వా? కుర్చీలో కూచున్నోడిని తియ్యడం వేరే వసంతా. ఇది ఓపికతో పని. అన్నం ఉడికేలోపల మూడు కూరలు దించే మనిషివి నువ్వు. నీకు ఓపిక యాడుండాది?"

నవ్వాడు కదా, మంచిదే. నాకేమీ అనిపించలేదు.

అక్టోబరు 14, మంగళవారం

ఏమీ అనిపించలేదని రాశాను. సరే.

ఆయన కాలు బాగు కావాలని కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నాను. పొద్దున్నే చెప్పి బయలుదేరాను. సంచిలో అడుగున కెమెరా, దాని మీద తువ్వాలు, దాని మీద టెంకాయ పెట్టాను. స్టాండును ఎలా దాచాలో తోచక నిలబడితే, అత్తమ్మ పెద్ద గొడుగు తెచ్చి ఇచ్చింది. "రెండూ కలిపి కట్టుకో. దేవుడికి ఎండ తగలకుండా పట్టను పనికొస్తాది" అంది, నా మొహం చూడకుండా.

సత్యప్రమాణాల దేవుడాయన. ఆయన పేరు చెప్పి ఇంకో చోటికి పోతే ఊరుకుంటాడా? అందుకే దిగాను, టెంకాయ కొట్టాను, దండం పెట్టుకున్నాను, తర్వాతే ఐరాల బస్సెక్కాను. ఇందులో అబద్ధమేమీ లేదు. కొంచెం ముందుకు పోయాను, అంతే.

గట్టు మీద స్టాండు నిలబెట్టి కెమెరా బిగిస్తుంటే చెరుకులోంచి ఒకామె కొడవలితో బయటికి వచ్చింది. నా ఈడే ఉంటుంది.

"ఎవురమ్మా నువ్వు? కొలతలోళ్ళా? మా కయ్యలో రోడ్డు ఏస్తారా?"

"కాదమ్మా. ఫోటో తియ్యను వచ్చినా."

"ఎవురిది?"

"గుట్టది."

ఆమె గుట్ట వైపు తిరిగి, కొత్తగా ఎవరైనా వచ్చి కూర్చున్నారా అన్నట్టు చూసింది. "అది యాడికీ పోదు గదా. దానికి ఫోటో ఎందుకు?"

నేను స్టాండు మర ఇంకో చుట్టు బిగించాను. ఆమె కెమెరా దగ్గరికి వచ్చి, "పోయినసారి ఒగాయన ఈడనే పడినాడు, ఇట్లాంటిదే పైకెత్తుకోని. మేమే మంచం మీద మోసి బస్సెక్కించినాం. ఆయప్పకు ఎట్లుండాదో ఏమో" అంది.

"బాగుండాడు. మా ఆయనే."

"ఓయమ్మా! ఇద్దురికీ ఇదే పిచ్చా?"

పేరు ఆనందమ్మ. ఆ చెరుకు ఆమెదే. తెల్లటి పూత అప్పుడే తల బయట పెడుతోంది. ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలా ఉంది, మబ్బు మచ్చ కూడా లేదు. అయినా వచ్చాను కదా అని తీశాను.

అక్టోబరు 15

కడిగాను. గుట్ట పిండిముద్దలా వచ్చింది. ఆకాశం రానే లేదు.

"కాణిపాకంలో జనముండారా?" అని అడిగాడు ఆయన. ఉన్నారన్నాను.

అక్టోబరు 21, మంగళవారం

మళ్ళీ మొక్కు. అత్తమ్మ నాకు మాత్రమే వినిపించేలా, "ఇన్ని టెంకాయలు కొడితే వాడిదే కాదు, మన వీధిలో అందరి కాళ్ళూ బాగుపడతాయి" అంది.

ఈరోజు మబ్బు ఉంది, ఎండ లేదు. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. మొదట్లో చేతులు ఊరుకోలేదు. కొంగుతో లెన్సు తుడిచాను, స్టాండు కాళ్ళు సర్దాను, గడ్డి పీకాను. ఇంట్లో పప్పు నానబెట్టి వచ్చానా లేదా అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడో చేతులు ఒళ్ళో పడిపోయాయి. గుట్ట ఒక రంగులో లేదని అప్పుడు కనపడింది. మబ్బు కదిలినప్పుడల్లా ఒక బండ వెనక్కి పోతోంది, ఇంకో బండ ముందుకు వస్తోంది. ఇరవై ఏళ్ళుగా కొండలకు రంగులు వేశాను, అన్నిటికీ ఒకటే గోధుమ రంగు. ఎంతమంది నా కొండల్ని చూసి ఊరుకున్నారో పాపం.

మధ్యాహ్నం ఆనందమ్మ రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చింది. ఇద్దరం గొడుగు కిందే తిన్నాం.

"మేము వానకు కాసుకుంటాం. నువ్వు ఎండకు కాసుకుంటా ఉండావు. ఇద్దురం ఒగటే" అంది. మళ్ళీ తనే, "మాకైతే కడాకు బెల్లమన్నా వస్తాది" అని నవ్వింది.

లేచేటప్పుడు అసలు మాట చెప్పింది. "దీపావళి అయినాక కొట్టేస్తామమ్మా. పూతేసిన సెరుకు నిలబెడితే బెండు పడిపోతాది. గానుగ వంతు గూడా మాకు అప్పుడే."

అంటే ఎక్కువ రోజులు లేవు. ఆయన కోసమైనా ఇంకోసారి పోవాలి. ఇదంతా ఆయన కోసమే కదా.

అక్టోబరు 24

ఎండ ఉంది. మబ్బు లేదు.

అక్టోబరు 27, సోమవారం

దోసెలు పోస్తున్నాను. మంచం మీంచి, "కాలు పొట్టిదైపోతే?" అన్నాడు.

"ఎందుకైతాది? పుత్తూరు కట్టు."

"నడక సరిగా రాకపోతే స్టాండు ఎత్తుకోని గుట్టలు తిరగలేను. పాస్‌పోర్టు సైజుకు అంత మంచి కెమెరా ఎందుకు? అమ్మేద్దాం. సుబ్రమణ్యం మండీలో గుమాస్తాగా కూచుంటా."

"అమ్మేది లేదు!"

ఎంత గట్టిగా అరిచానంటే అత్తమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆయన నన్ను వింతగా చూశాడు. "కెమెరా నీదా?" అన్నాడు.

"మీదే" అన్నాను.

ఆయనదే. పెళ్ళైనప్పటి నుంచీ ఆయనదే. అంత కోపం ఎందుకొచ్చిందో. దోసె మాడినందుకు అయ్యుంటుంది.

నవంబరు 3

దీపావళి. ఒకటే వాన. తడిసిన టపాకాయలు పెనం మీద ఆరబెడదామని అత్తమ్మ అంది. ఇద్దరం కలిసి వద్దన్నాం.

నవంబరు 5, బుధవారం

తడి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

రేపు చెరుకు కొట్టేస్తారు. పొద్దున లేచేసరికి వాన. "ఈ వానలో ఏం మొక్కు?" అన్నాడు ఆయన. మొక్కు మొక్కే అన్నాను. కాణిపాకంలో దిగి తడుస్తూనే టెంకాయ కొట్టాను. ఐరాలకు పోయేసరికి వాన ఇంకా పెద్దదైంది. గుట్ట అసలు కనపడలేదు. ఆనందమ్మ నన్ను గానుగ కొట్టంలో కూర్చోబెట్టింది. బొగ్గు మసి, పాత బెల్లం వాసన, ఒక కుక్క, నేను. మధ్యాహ్నమైంది. పొద్దు వాలింది. వాన సన్నబడింది గానీ మబ్బు కదల్లేదు.

ఇక చాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. స్టాండు మడిచి గొడుగుతో కలిపి కట్టేశాను. కెమెరా ఒక్కటే ఇంకా మెడలో ఉంది.

"ఇదే కడా బస్సు. నేను పోయి నిలబెడతా, నువ్వు నిదానంగా రా" అని ఆనందమ్మ గోనెసంచి తల మీద వేసుకుని గట్టు వెంబడి పోయింది. నేను చెప్పులకు అంటిన బురద రాతికి రుద్దుతున్నాను. ఉన్నట్టుండి నా నీడ నా ముందు కనపడింది.

పడమర మబ్బు అడుగున సందు తెరుచుకుంది. గుట్ట అచ్చులోంచి అప్పుడే తీసిన బెల్లం దిమ్మలా ఎర్రగా మెరిసింది. దాని వెనక ఆకాశం పలకలా నల్లగా ఉంది. చెరుకు పూత మొత్తం వెండి కుచ్చుల్లా తల ఊపింది. స్టాండు విప్పే సమయం లేదు. కెమెరా కడుపుకు ఆనించుకుని అద్దంలోకి చూశాను. అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పినవన్నీ, ఎనిమిదేళ్ళుగా చెప్పినవన్నీ.

సరిగ్గా మధ్యలో ఆనందమ్మ ఉంది.

"బస్సొచ్చె! బిరీన రామ్మా!" అని ఒక చేత్తో గోనెసంచి పట్టుకుని, ఇంకో చెయ్యి ఎత్తి అరుస్తోంది.

"పక్కకు జరుగమ్మా!"

"ఏమీ?"

"జరుగూ!"

"ఏమంటా ఉండావూ?" అని అక్కడే నిలబడిపోయింది. నేను నొక్కలేదు, వేలు నొక్కింది. ఫిల్ము తిప్పి తల ఎత్తేసరికి గుట్ట తడిసిన ఎనుములా నల్లగా పడుకుని ఉంది. ఎండ లేదు. బస్సు కూడా లేదు.

చిత్తూరుకు బెల్లం లారీలో వచ్చాను. వాకిట్లో దీపం పెట్టిన చాలాసేపటికి ఇల్లు చేరాను.

"మొక్కు తీరిందా?" అన్నాడు ఆయన.

"తీరింది."

"ఇంత తడిసి నవ్వుతావేమే?"

నవ్వుతున్నానని నాకు తెలియదు.

నవంబరు 6

వాళ్ళిద్దరూ టిఫిన్లు తింటున్నప్పుడు కడిగాను. ఆరాక ప్రింటు వేశాను. మందులో కాగితం ఊపుతుంటే ముందు మబ్బు వచ్చింది. తర్వాత గోనెసంచి, ఆ తర్వాత గుట్ట. పూత మాత్రం తెల్లగానే ఉండిపోయింది, ఉండాల్సినట్టే.

ఆమె మధ్యలోకి వచ్చి పాడు చేసిందనే లారీలో అంతసేపూ అనుకున్నాను. అరచేయి అడ్డం పెట్టి ఆమె లేకుండా చూశాను. మంచి గుట్ట, మంచి మబ్బు, మంచి పూత. చేయి తీశాను. ఐరాల.

నవంబరు 7

ఆయనకు ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. రేపు చూపిస్తాను.

నవంబరు 8

వెచ్చగా లేదు. ఆదివారమైతే నిదానంగా చూపించవచ్చు.

నవంబరు 9, ఆదివారం

సుబ్రమణ్యం వచ్చాడు. "ఇంగ నా వల్ల కాదప్పా, వినాయకుడినే ఏసుకో" అన్నాడు ఆయన. ఎంత నెమ్మదిగా అన్నాడో. నేను కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేశాను. బొమ్మ చీకటి గదిలో క్లిప్పుకు వేలాడుతోంది.

చూపించాలి. ఎనిమిదేళ్ళు కాచుకున్న మనిషికి, పట్టుమని పది రోజులు కూడా పోని నేను ఎలా చూపించాలి?

నవంబరు 10

"తీరిందంటివి గదా, మళ్ళీ ఏం మొక్కు?" అన్నాడు. ఇంకొకటి ఉంది అన్నాను.

చెరుకు కొట్టేశారు. మోడులు, ఎండుటాకు తప్ప ఏమీ లేదు. అయినా సాయంత్రం దాకా కూర్చున్నాను. క్యాలెండరుకు ఇంకొకటి చేతిలో ఉంటే మంచిదని.

నవంబరు 12, బుధవారం

బెల్లం బండితో ఆనందమ్మ మండీకి వచ్చింది. అటు నుంచి అటే దోవ అడుక్కుంటూ మా ఇంటికి వచ్చేసింది. నేను ముందు గదిలో ఒక పెళ్ళి జంటను కూర్చోబెట్టి ఉన్నాను. ఆమె "ఫోటో అమ్మ ఉండాదా?" అంటూ సందులోంచి నేరుగా మంచం దగ్గరికే పోయింది. నేను పరిగెత్తేసరికి మాటలు మొదలయ్యాయి.

"అయ్యా, కాలు ఎట్లుండాది? నిన్ను మోసింది మేమే గదా. నీకన్నా నీ పెండ్లామే మేలప్పా. ఇన్నిసార్లు వచ్చె, ఒగసారి గూడా పడలే."

ఆయన నావైపు చూశాడు. "ఇన్నిసార్లా?"

"నా ఫోటో యాడమ్మా? ఆ పొద్దు వానలో తీస్తివే, బస్సు పాయెనే."

"కాణిపాకం" అన్నాడు ఆయన.

"పోయినా. ప్రతిసారీ దిగి, టెంకాయ కొట్టే పోయినా."

"యాడికి?"

"కొంచెం ముందుకు."

మూలలోంచి అత్తమ్మ, "వాన పడతా ఉంటే గొడుగు ఇయ్యకుండా ఎట్లుంటా?" అంది. ఎవరూ ఆమెను అడగలేదు.

బొమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ముందుగా ఆనందమ్మే తల దూర్చింది. "అయ్యో, గోనెసంచి ఏసుకోని దెయ్యం మాదిరి ఉండానే! ముందే చెప్పుంటే మంచి చీర కట్టుకోని వస్తా ఉంటి గదమ్మా."

ఆయన బొమ్మను కిటికీ వెలుతురుకు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"గుట్ట ఒగ పక్కకు వాలింది."

"స్టాండు సర్దేసినా అప్పటికే."

"చేత్తో తీసినావా?"

"కడుపుకు ఆనించుకోని."

"మబ్బు తేలను పసుపు ఫిల్టరు?"

"పెట్టను టైము యాడుండాది?"

మళ్ళీ చూశాడు. గొంతు మారింది. "ఈమె ఎందుకొచ్చె దీంట్లోకి?"

"నా కయ్యలోకి నేను రాకుండా ఇంకెవురొస్తారప్పా?" అంది ఆనందమ్మ.

ఆయనకు నవ్వొచ్చినట్టే కనపడింది, కానీ రాలేదు. "ఎనిమిదేండ్లు. మనిషి అడ్డం రాకూడదని ఎనిమిదేండ్లు కాచుకుంటి" అని బొమ్మను గుండె మీద బోర్లా పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

ఆనందమ్మ తెచ్చిన కొత్త బెల్లం అత్తమ్మకు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆయన మధ్యాహ్నం భోజనం చేయలేదు. ముందు గదిలో పెళ్ళి జంట ఇంకా అలాగే కూర్చుని ఉంది, పాపం, కదిలితే చెడిపోతుందని.

నవంబరు 13

ఈరోజూ గోడ వైపే. బొమ్మ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నవంబరు 14, శుక్రవారం

పొద్దున, "వసంతా, రంగులు తీసుకోని ఈడికే రా" అన్నాడు.

మంచం పక్కన చాప వేసుకున్నాను. అగ్గిపుల్లకు దూది చుట్టి మొదలుపెట్టాను. ఆయన మోచేతి మీద లేచి చూస్తున్నాడు.

"ఎండ ఎట్లొచ్చె? చెప్పు."

చెప్పాను. చెప్పులు రుద్దుకోవడం, ముందు పడిన నీడ, పడమటి సందు.

"మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి బెల్లం దిమ్మ సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాది కాదు, అదృష్టానిది. అన్నీ సర్దేసినాక వచ్చె" అన్నాను.

"సర్దేసినాక గూడా కెమెరా మెడలోనే ఉండె గదా" అన్నాడు. మోచెయ్యి సర్దుకుని, "బండి అడ్డం వచ్చినప్పుడు నేను గూడా నొక్కి ఉండాల్సింది" అన్నాడు. తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు. నేను తల ఎత్తలేదు.

గుట్టకు గోధుమ రంగు వేయబోతుంటే ఆయన ఆపలేదు, నేనే ఆగాను. నాలుగు రంగులు కలిపాను. గోనెసంచిని అలాగే ఉంచి, ఆనందమ్మ చీర మాత్రం ఎర్రది చేశాను. అంచు కూడా పెట్టాను. "మామిడి పిందెలు ఏసినావా?" అని అడిగాడు. రెండు వేశాను.

నవంబరు 16, ఆదివారం

సుబ్రమణ్యానికి బొమ్మ ఎంత నచ్చిందంటే కాఫీ చల్లారిపోయింది. "ఇదప్పా మన నేల! కింద 'ఫోటో: పరంధామయ్య' అని ఏయిస్తా."

"నా పేరు ఎట్లేస్తావు? నేను మంచంలో ఉంటి. తీసింది వసంత."

"ఆడమనిషి పేరు క్యాలెండరు మీద ఎట్లప్పా? సంఘంలో ఏమంటారో."

"ఇన్నేండ్లు లక్ష్మీదేవిని ఏసుకుంటిరే. ఆమె మగదా?"

సుబ్రమణ్యం తల గోక్కున్నాడు. చివరికి స్టూడియో పేరు వేయడానికి ఒప్పుకున్నారు. జ్ఞానాంబ స్టూడియో. పక్క గదిలోంచి విన్న అత్తమ్మ బయటికి వచ్చి, "నా పేరు ఏస్తారా? నాకెందుకులే నాయనా" అంటూ జుట్టు సర్దుకుంది.

నవంబరు 17

నాకేం బాధ లేదు.

నవంబరు 19

నిజంగానే లేదు. అత్తమ్మ వీధంతా చెప్పి వచ్చింది. ఎదురింటి శకుంతలమ్మ ఆమెను, "ఈ వయసులో ఐరాల దాకా పోయి తీసినావా?" అని అడిగిందట. అత్తమ్మ కాదనలేదట.

డిసెంబరు 7

కట్టు విప్పారు. కాలు మునక్కాయలా సన్నబడింది గానీ పొట్టి కాలేదు. ఊతకర్రతో ముందు గదికి పోయి కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. ఎంత సంతోషపడ్డాడో. నేను చీకటి గదిలోకి వచ్చాను. కడగాల్సినవి చాలా ఉన్నాయి.

డిసెంబరు 10

ఈరోజు ఏమీ జరగలేదు.

డిసెంబరు 14

ఈరోజు కూడా.

డిసెంబరు 21, ఆదివారం

తెల్లవారేసరికి ఇద్దరం ఐరాలలో ఉన్నాం. ఆయనే రమ్మన్నాడు. కాణిపాకంలో దిగబోతే, "ఈ పొద్దు ఆయనకు సెలవు" అని చెయ్యి పట్టుకుని ఆపాడు.

చెరుకు మోడుల మీద మంచు పాలలా నిండి ఉంది. గుట్ట పైభాగం మాత్రమే తేలుతోంది. గానుగ పొగ నిటారుగా లేస్తోంది. పొద్దు పొడిచింది. మంచు లోపలి నుంచి పసుపురంగు ఊరడం మొదలుపెట్టింది. ఆనందమ్మ మొగుడు ఎడ్లను తోలుకుని నేరుగా దాంట్లోకి నడిచాడు. మా ఆయన కెమెరా ఎత్తాడు, ఆగాడు, నావైపు చాపాడు.

"నువ్వు కొట్టు."

"మీరు కొట్టండి. ఇన్నాళ్ళకు వస్తిరి."

"నీ చెయ్యి మంచిది. నువ్వు కొట్టు."

"మీ గుట్ట. మీరే."

"చెప్తే ఇనవే!"

"నేను పట్టుకోనంటే పట్టుకోను!"

గట్టు మీద నిలబడి పెళ్ళిపీటల మీద బంతి ఆడుకున్నట్టు కెమెరాను అటూ ఇటూ తోసుకున్నాం. తిరిగి చూసేసరికి మంచు లేదు. మామూలు ఎండ, మామూలు మోడులు, మామూలు గుట్ట. ఎడ్లు ఎక్కడో గంటలు మోగిస్తున్నాయి.

ముందు ఆయనే నవ్వాడు. కాలు నొప్పని కూర్చుని మరీ నవ్వాడు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆనందమ్మ గానుగ దగ్గరి నుంచి, "ఈసారి ఎవురు పడినారూ?" అని కేకేసింది.

బస్సులో చిత్తూరు దాకా వచ్చాం. స్టాపు వస్తుందనగా, "ఒగ కెమెరాతో ఇద్దురం కాపురం చెయ్యలేమే" అన్నాడు.

1976 జనవరి 4, ఆదివారం

చంద్రగిరి కోట ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

తిరుపతిలో మూసేసిన స్టూడియో ఒకటి ఉంటే, అక్కడి నుంచి ఆయన పాత మడత కెమెరా ఒకటి తెచ్చాడు. తోలు చిరిగిన చోట నల్ల కాగితం అంటించాను. ఎవరికి ఏది అని మళ్ళీ మొహమాటం మొదలయ్యేలోపల మంచిది నేను తీసుకున్నాను. ఆయన నోరు తెరిచి, మూసుకుని, మడత కెమెరాతో ఐరాల బస్సెక్కాడు. స్టూడియో తలుపుకు తాళం వేసి ఉంది. అత్తమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చిన వాళ్ళకు మా ఇద్దరికీ పిచ్చి పట్టిందని చెబుతోంది.

ఈ అంగట్లో మా క్యాలెండరు వేలాడుతోంది. మామిడి పిందెల చీరలో ఆనందమ్మ చెయ్యి ఎత్తి అందర్నీ పిలుస్తోంది. అంగడాయన టీ ఇస్తూ, నేను దాన్నే చూడడం గమనించి, "బాగుండాది గదా? ఎవురు తీసినారో" అన్నాడు.

"నేనే" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, కెమెరాను చూశాడు, క్యాలెండరు చూశాడు. "అయితే ఇంకో టీ తాగు" అన్నాడు.

కోట మీద మబ్బు పట్టి ఉంది. తొలగుతుందన్న నమ్మకమేమీ లేదు. "ఎవురి కోసరం ఇంతసేపు కూచున్నావమ్మా?" అని అడుగుతున్నాడు అంగడాయన. ఎవరి కోసమూ కాదు, ఊరికే అన్నాను. మధ్యాహ్నం బస్సు ఇప్పుడే పోయింది. ఆకలేస్తోంది.

ఇంకాసేపు ఉంటాను.